వాగ్దాన కార్డు మీద లేని వచనం: తెలుగు సంఘాల కాపరులకు, పెద్దలకు ఒక బహిరంగ లేఖ

పూజ్యులైన కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాల నాయకురాళ్ళకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనాలు.

నేను ఒంగోలు ప్రాంతంలో పుట్టి పెరిగిన బాప్టిస్టు కుటుంబపు స్త్రీని. 27 ఏళ్ళుగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వేదిక ఎక్కి వాక్యం చెప్పే అర్హత గానీ, వేదాంత విద్య గానీ నాకు లేవు. అయినా ఎనిమిదేళ్ళుగా మనసులో దాచుకున్న మాటలను ఇప్పుడైనా మీ ముందు పెట్టకపోతే, నాలాంటి పరిస్థితిలో ఉన్న మరికొందరు ఆడవాళ్ళు కూడా నాలాగే ఆదివారం వెనక బల్ల మీద కూర్చుని, ఎవరికీ ఏమీ చెప్పుకోకుండా లేచి వెళ్ళిపోతూ ఉంటారనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో ఏ సంఘం మీదా, ఏ సేవకుని మీదా ఫిర్యాదు లేదు. నన్ను పెంచింది సంఘమే, నేను పడిపోయినప్పుడు పట్టుకున్నదీ సంఘంలోని మనిషే. ఆ చనువుతోనే అడుగుతున్నాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన మన సంఘాల్లో ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పన్నెండు దాటి నూతన సంవత్సరపు ప్రార్థన ముగిశాక అందరం వరుసలో వచ్చి, పళ్ళెంలో బోర్లించి ఉంచిన వాగ్దాన కార్డులలో ఒకటి తీసుకుంటాం. ఆ ఏడాది పొడుగునా ఆ వచనం మనదని నమ్ముతాం. ఎనిమిదేళ్ళ కిందట నా చేతికి వచ్చిన కార్డు మీద ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అని ఉంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం, 13వ వచనం. ఆటోల వెనక, క్యాలెండర్ల మీద, పిల్లల పరీక్ష అట్టల మీద మనం నిత్యం చూసే వచనమే అది. మా అబ్బాయి అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, మా ఆయన బస్సు డ్రైవరుగా మంచి ఆరోగ్యంతో ఉన్నారు, ఇల్లు కట్టడం సగంలో ఉంది. ఇవన్నీ ఈ ఏడాది పూర్తవుతాయన్న మాటగా తీసుకుని, ఆ కార్డును బీరువా తలుపుకు అంటించాను.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఆయన స్నానాల గదిలో పడిపోయారు. మెదడులో ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. రోజూ వార్డులో ఎవరెవరి భర్తలకో నేను చేసే పనులన్నీ మా ఇంట్లో మా మంచం దగ్గర మొదలయ్యాయి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. మింగడం రాని రోజుల్లో ముక్కు గొట్టం గుండా జావ పోయాలి. పక్కబట్టలు మార్చాలి. ఆ పనులు చేతులకు కొత్త కావు. కానీ వార్డులో ఎనిమిది గంటల డ్యూటీ అయ్యాక చార్జి అప్పగించి ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇంట్లో అప్పగించడానికి ఎవరూ లేరు.

ఆ రోజుల్లో బీరువా మీది కార్డు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. సమస్తమును చేయగలనని వాగ్దానం ఇచ్చిన ఏడాదే నాకు ఏమీ చేయలేని స్థితి వచ్చిందేమిటని ఏడ్చేదాన్ని. ఒక రాత్రి, ఆయనను పక్కకు తిప్పి, మళ్ళీ రెండు గంటల వరకు నిద్ర పట్టక, ఆ వచనం బైబిలులో అసలు ఎక్కడ ఉందో చూద్దామని తెరిచాను. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన వచనమే అయినా దానికి ముందున్న రెండు వచనాలను నేను ఎప్పుడూ నిలిచి చదవలేదు. ‘నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను’ అంటాడు పౌలు. ఆ వెంటనే కడుపు నిండి ఉండడమూ, ఆకలిగొని ఉండడమూ, సమృద్ధి కలిగి ఉండడమూ, లేమిలో ఉండడమూ నేర్చుకున్నానని అంటాడు. అది రాసినప్పుడు ఆయన బంధకాల్లో ఉన్నాడని అదే పత్రిక మొదటి అధ్యాయంలో ఉంది. అంటే ‘సమస్తము’ అన్న మాటలో ఆకలి ఉంది, లేమి ఉంది, సంకెళ్ళు ఉన్నాయి. పరీక్ష పాసవడం, ఇల్లు పూర్తవడం గురించి చెప్పిన మాట కాదది. తాను వాటన్నిటి మధ్యా నిలబడగలనని, తనను నిలబెట్టేవాడు ఒకడున్నాడని చెప్పిన మాట.

అంతకన్నా నన్ను పట్టుకున్న మాట ‘నేర్చుకొని యున్నాను’. పౌలు అంతటివాడు కూడా ఆ బలం ఒక్క రాత్రిలో తన మీదికి దిగివచ్చిందని అనలేదు. నేర్చుకున్నానన్నాడు. సూది మందు ఇవ్వడం నేను ఎలా నేర్చుకున్నానో, బస్సు నడపడం మా ఆయన ఎలా నేర్చుకున్నారో, అలా రోజులు పెట్టి, తప్పులు చేసి నేర్చుకునేదన్నమాట. మరి దాన్ని మాకు ఎవరు నేర్పుతున్నారు? ఈ ఉత్తరంలో నేను మిమ్మల్ని అడగదలచిన ప్రశ్న ఇదే.

నేర్చుకోవడం అంటే ఏమిటో నాకు అర్థమైన ఒక సాయంత్రం గురించి చెప్పనివ్వండి. మా ఇంట్లో రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన మా మామగారి కాలం నుంచీ ఉంది. ఒక కీర్తన, ఒక అధ్యాయం, చివర ప్రభువు నేర్పిన ప్రార్థన. ఆయన పడిపోయిన తర్వాత మూడు వారాలకు ఇంటికి తెచ్చి, మంచం పక్కనే చాప పరచుకుని ప్రార్థనకు కూర్చున్నాం. అప్పటికి ఆయన ‘నీళ్ళు’ అని కూడా అనలేకపోయేవారు. ఏది కావాలన్నా ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టేవారు. మేము ‘పరలోకమందున్న మా తండ్రీ’ అని మొదలుపెట్టాక ఆయన పెదవులు కదలడం మా అత్తగారు గమనించి నా మోచెయ్యి పట్టుకున్నారు. ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అన్న చోటికి వచ్చేసరికి ఆయన గొంతు మాతో కలిసింది. ముద్దగా అయినా ఒక్క మాట తప్పకుండా ఆమేన్ వరకు చెప్పారు. మా అబ్బాయి గట్టిగా ఏడ్చేశాడు. ప్రార్థన అయ్యాక ‘నీళ్ళు కావాలా’ అని అడిగితే మళ్ళీ మాట రాలేదు.

మరునాడు డాక్టరుగారికి చెప్పాను. అప్పటికప్పుడు కూర్చుకుని మాట్లాడే మాటలు, ఏళ్ళ తరబడి వల్లించి వల్లించి నోటికి అలవాటైన మాటలు, పాటలు మెదడులో ఒకే దారిన నడవవని, అందుకే ఈ రకం పక్షవాతంలో మాట పోయినవారు కూడా పాట పాడగలగడం, ప్రార్థన చెప్పగలగడం ఉంటుందని ఆయన వివరించారు. ఆ వివరణ విన్నాక నా కృతజ్ఞత ఏమీ తగ్గలేదు. పెరిగింది. నలభై ఏళ్ళు, నిద్ర వచ్చిన రాత్రులూ, ఆకలి వేసిన రాత్రులూ, మనసు లేని రాత్రులూ కూడా చాప మీద కూర్చుని చెప్పిన ఆ నాలుగు వాక్యాలే, తక్కినవన్నీ పోయిన రోజున ఆయనకు మిగిలాయి. దేవుడు వాటిని ఆయన కోసం అలా కాపాడాడని నేను నమ్ముతాను. ఆ కాపుదల కుటుంబ ప్రార్థన అనే ఒక మామూలు అలవాటు ద్వారా జరిగిందని కూడా నమ్ముతాను.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి నాకు కష్టంగా ఉంది. ఆ సంగతి విన్న బంధువులు మమ్మల్ని వేరే ఊరిలో జరుగుతున్న ఒక స్వస్థత కూటానికి తీసుకువెళ్ళారు. మా ఆయనను చక్రాల కుర్చీలో వేదిక దగ్గరికి నెట్టారు. మూగవాడు మాట్లాడాడని మైకులో ప్రకటించారు. ఆ తర్వాత లేచి నడవమన్నారు. ఇద్దరు కుర్రవాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపారు. కాలు నిలవలేదు. అప్పుడు ఆ బోధకుడు అందరూ వింటుండగా, ఈ కుటుంబంలో ఎక్కడో అవిశ్వాసం ఉందని, ఒప్పుకోని పాపం ఉందేమో పరిశీలించుకోవాలని చెప్పి, తర్వాతి వ్యక్తిని పిలిచాడు. మా ఆయనకు మాట రాదు గానీ మాట అర్థమవుతుంది. కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని ఏడ్చారు. ఆ రోజు తర్వాత ఆరు నెలలు ఆయన మా కుటుంబ ప్రార్థనలో నోరు తెరవలేదు. జబ్బు ఆయన దగ్గర మాట తీసుకుపోయింది, ప్రార్థన తీసుకుపోలేకపోయింది. ఆ ఒక్క మాట దాన్ని కూడా తీసుకుపోయింది.

పుట్టుకతో గుడ్డివాడైన మనిషిని చూపి, ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే వీడూ కాదు, వీని కన్నవారూ కాదని ప్రభువే జవాబు చెప్పిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉండగా, రోగి ముందు నిలబడి ఆ ప్రశ్న మళ్ళీ అడగడానికి మనకు నోరెలా వస్తుంది? ‘త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని’ అని పౌలు తిమోతికి రాశాడు. ఎందరినో స్వస్థపరచిన అపొస్తలుడు తన తోటి పనివాణ్ణి రోగిగానే వదిలి రావలసి వచ్చింది. అందుకు త్రోఫిము విశ్వాసాన్ని ఆయన తప్పు పట్టలేదు. హిజ్కియా రాజుకు పదిహేనేళ్ళ ఆయుష్షు పెంచుతానని దేవుడు మాట ఇచ్చిన తర్వాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానమూ మందూ ఒకే గదిలో, ఒకే ప్రవక్త చేతిలో ఉన్నాయి.

ఈ సంగతి మీరు వేదిక మీది నుంచి స్పష్టంగా చెప్పాలని వేడుకుంటున్నాను. మా వార్డుకు ఒకసారి ఒక పదేళ్ళ పాపను ఆగకుండా వస్తున్న మూర్ఛలతో తీసుకొచ్చారు. అయిదు రోజుల నుంచి మాత్రలు ఆపేశారు. మూర్ఛ మాత్రలు ఉన్నపళంగా ఆపితే ఇలా ప్రాణం మీదికి వస్తుంది. పాప దక్కింది. బిడ్డకు ప్రార్థన చేయించిన తర్వాత కూడా మాత్ర వేస్తే తనకు విశ్వాసం లేనట్టు అవుతుందేమోనని భయపడ్డానని ఆ తల్లి నాతో చెప్పింది. ఆమెను మాత్రలు ఆపమని ఎవరూ చెప్పలేదు. కొనసాగించమని కూడా ఎవరూ చెప్పలేదు. మీరు ప్రార్థన చేసి తల మీద నుంచి చెయ్యి తీసే ముందు ‘అమ్మా, మందులు మానవద్దు’ అని ఒక్క మాట అంటే చాలు. మీ మాటకు ఊళ్ళో ఉన్న విలువ మా డాక్టర్ల మాటకు లేదు. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ మిషనరీ వైద్యురాలు 1883లో గుంటూరుకు వచ్చి, చిన్న వైద్యశాలతో మొదలుపెట్టి, 1898 నాటికి ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి నిలబెట్టింది. మన సంఘాలకు ప్రార్థనా గది, మందుల గది ఒకే ఆవరణలో అలవాటే. వాటి మధ్య ఈ గోడ ఎప్పుడు లేచిందో నాకు అర్థం కాదు.

మా ఆయన మళ్ళీ ప్రార్థనకు ఎలా వచ్చారో కూడా చెప్పాలి. మా సంఘంలో వడ్రంగం పని చేసుకునే ఒక పెద్దాయన ప్రతి గురువారం సాయంత్రం పని ముగించుకుని, చొక్కాకు రంపపు పొట్టు అలాగే ఉండగా మా ఇంటికి వచ్చేవారు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చునేవారు. ఎలా ఉందని అడిగేవారు కాదు, వాక్యం చెప్పేవారు కాదు. ఒక పాత కీర్తన మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా పాడి, మా ఆయన కుడి చెయ్యి, అంటే చచ్చుబడిన ఆ చెయ్యినే, కాసేపు పట్టుకుని, టీ తాగి వెళ్ళిపోయేవారు. అలా ఎన్ని గురువారాలు వచ్చారో నేను లెక్కపెట్టలేదు. ఒక రోజు రెండో చరణంలో మా ఆయన గొంతు కలిపారు. పెద్దాయన పాట ఆపలేదు, ముఖం కూడా తిప్పలేదు, శ్రుతి మాత్రం కాస్త తగ్గించి ఆయనకు అందేటట్టు పాడారు. ఆ మనిషికి ఎవరూ మైకు ఇవ్వలేదు. కానీ నాకు తెలిసినంతలో మా సంఘంలో స్వస్థత వరం అంటూ ఎవరికైనా ఉంటే అది ఆయనకే ఉంది.

ఏలీయా కథ మీరు ఎన్నోసార్లు ప్రసంగించి ఉంటారు. ఆయన ప్రార్థనకు కర్మెలు కొండ మీద దిగిన అగ్ని గురించి నేను చాలా వర్తమానాలు విన్నాను. ఆ తర్వాతి అధ్యాయంలో అదే ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగిన సంగతి మీద విన్నవి తక్కువ. దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళ బుడ్డి తల దగ్గర పెట్టించాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి, ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము’ అని చెప్పించాడు. ప్రయాణం శక్తికి మించినదని దేవుడే ఒప్పుకున్నాడు. దాన్ని రద్దు చేయలేదు, ఆ పూటకు రొట్టె ఇచ్చాడు. ఎడారిలో మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే. రేపటికని దాచినది పురుగు పట్టింది. నేను రాత్రి డ్యూటీకి వెళ్ళేటప్పుడు అడిగేది ఆ పూటకు కావలసిన రొట్టెనే. మెడికల్ వార్డులో రెండు, మూడు గంటల మధ్య ఒక సమయం ఉంటుంది. సహాయకులు కింద దుప్పట్ల మీద నిద్రపోతుంటారు, ఆక్సిజన్ బుడగల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు, కళ్ళు మూతలు పడతాయి. అప్పుడు టార్చి పట్టుకుని మంచం మంచానికీ నడుస్తూ 121వ కీర్తన మనసులో చెప్పుకుంటాను. ‘నిన్ను కాపాడువాడు కునుకడు’ అన్న దగ్గరికి వచ్చేసరికి ఈ వార్డులో మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే కాదని గుర్తొస్తుంది. ఆ వార్డులోనే ఒక పెద్దావిడ కొడుకు మంచం దగ్గర కూర్చుని రామకోటి రాసుకుంటూ ఉంటే, ఆమె పక్కన టార్చి వెలుగు ఒక నిమిషం ఎక్కువ ఉంచి ముందుకు వెళ్తాను. ఎవరి బలం ఎక్కడి నుంచి వస్తున్నదో ఆ వేళ ఎవరికీ వివరించనక్కరలేదు.

మన పూర్వులకు ఈ విశ్వాసం ఎలా అందిందో మీకు నాకన్నా బాగా తెలుసు. 1876–78 కరవులో మన ఒంగోలులో సేవ చేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం పని ఒప్పుకుని, ఆకలితో ఉన్నవారికి ఆ పని ఇచ్చి కూలి కట్టించాడు. మట్టి తట్టలు దించి సేద తీరే వేళల్లో బోధకులు వాళ్ళ మధ్య కూర్చుని సువార్త చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగినా, కరవు సాయం చేతిలో ఉన్నంత కాలం ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపాడు. సాయం ముగిసిన తర్వాతే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ లెక్కను మనం గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ లెక్క కన్నా దానికి ముందు ఆగిన నెలలే గొప్పగా తోస్తాయి. ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసిన తర్వాత కూడా వచ్చిన జనం వాళ్ళు. వాళ్ళ మనవరాళ్ళం, మునిమనవరాళ్ళం మేము. ఏదో దొరుకుతుందని చెబితేనే నిలబడతామని మా గురించి అనుకోవద్దు.

కాబట్టి నేను అడిగేవి పెద్ద పనులు కావు. సాక్ష్యాల సమయంలో ఉద్యోగం వచ్చినవారిని, వీసా వచ్చినవారిని, గడ్డ కరిగినవారిని పిలుస్తున్నారు. సంతోషమే, వాళ్ళతో పాటు మేమూ స్తోత్రం చెబుతాం. అడిగినది దొరకక, అయినా ప్రార్థన మానని వాళ్ళను కూడా అప్పుడప్పుడు పిలవండి. డయాలిసిస్‌కు వారానికి మూడు రోజులు వెళ్ళి వచ్చే మనిషి, పెరుగుదల లేని బిడ్డను పాతికేళ్ళుగా సాకుతున్న తల్లి, తాగుడు మానని భర్తతో కాపురం చేస్తూ పిల్లలను చదివిస్తున్న స్త్రీ ప్రతి సంఘంలోనూ ఉన్నారు. పౌలు చెప్పిన ఆ ‘నేర్చుకోవడం’ వాళ్ళ దగ్గర ఉంది. తాగి కొట్టే భర్త గురించి చెప్పుకోవడానికి వచ్చిన స్త్రీకి మాత్రం ఓర్చుకోమని చెప్పి పంపించవద్దు. ఆమెకు ముందు కావలసింది భద్రత. బలం అన్న మాటను దెబ్బలు తినడానికి వాడితే ఆ మాట అపవిత్రమవుతుంది.

నిద్ర పట్టనివారు, బతకాలని లేదనేవారు మీ దగ్గరికే ముందు వస్తారు. ప్రార్థన చేయండి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి కూడా మీరే తోడు వెళ్ళండి. మానసిక ఆరోగ్య సలహా కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416ను ఆరాధన వేళల బోర్డు కింద రాయించండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. దయ్యం పట్టిందన్న మాట తొందరపడి అనవద్దు.

అన్నిటికన్నా ముఖ్యంగా కుటుంబ ప్రార్థనను మళ్ళీ నేర్పండి. ఇప్పుడు మన ఇళ్ళలో ఫోనులో ఎవరో పెద్ద బోధకుని ప్రసంగం పెట్టి వంట చేసుకుంటున్నాం. వినడం మంచిదే, నేనూ వింటాను. కానీ నోటితో చెప్పనిది నోట మిగలదని మా ఇంట్లో చూశాను. పిల్లల చేత వచనాలు కంఠతా పట్టించే సండే స్కూలు పోటీలు బహుమతులతో ముగిసిపోకుండా, అవే వచనాలు ఇంట్లో రాత్రి చాప మీద వాళ్ళ నోట వచ్చేటట్టు తల్లిదండ్రులకు చెప్పండి. అయిదు నిమిషాలు చాలు. ఏ వయసులో, ఏ మంచం మీద వాళ్ళకు అవి అవసరం పడతాయో మనకు తెలియదు.

మా ఆయన ఇప్పుడు కర్ర సాయంతో గుమ్మం వరకు నడుస్తారు. పది, పదిహేను మాటలు వచ్చాయి. కుడి చెయ్యి రాలేదు. ఏటా డిసెంబరు 31 రాత్రి వరుసలో నిలబడి ఎడమ చేత్తో కార్డు తీసుకుంటారు, నేను చదివి వినిపిస్తాను. ఈ ఏడాది ఆ కార్డులు అచ్చు వేయించేటప్పుడు ఫిలిప్పీ 4వ అధ్యాయం 13వ వచనం ఉన్న ప్రతి కార్డు మీద 11, 12 వచనాలను కూడా చేర్చించమని నా విన్నపం. చోటు చాలదని ప్రెస్సువారు అంటే వెనక వైపు ఖాళీగా వదిలేయించండి. మా స్త్రీల సమాజం వాళ్ళం పది మందిమి ఉన్నాం, క్రిస్మస్ పనులు అయ్యాక కూర్చుని చేత్తో రాసి ఇస్తాం.

ఇట్లు,
మీ సంఘాల్లో వెనక బల్ల మీద కూర్చునే ఒక నర్సు,
ఒంగోలు